మామ నోట నా ఉపాయం

ఉపాయం నాది. దాన్ని కంపెనీలో చెప్పింది మా మేనమామ. తప్పెవరిదంటే ఈరోజుకీ నాకు తేలలేదు.

మాది కోయంబత్తూరులో బోరుబావి మోటార్లు చేసే కంపెనీ. నేను తీగ చుట్టే వైండింగు విభాగంలో చేరి అప్పటికి ఏడాది. మామ అక్కడే సూపర్‌వైజరు, రోజూ ఆయన బండి వెనకే నా ప్రయాణం. మోటారు లోపలి గాడుల్లోంచి ప్లాస్టిక్ పూత ఉన్న తీగను చేత్తో లాగి చుట్టాలి. గాడి అంచు గీసుకుని పూత లేచిందంటే, నీళ్ళ తొట్టి పరీక్షలో మోటారు తప్పుతుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. ఒకరోజు విసుగెత్తి, ఖాళీ కొబ్బరినూనె ప్లాస్టిక్ సీసాను కత్తిరించి, గాడిలో చిన్న తొడుగులా పెట్టి చూశాను. గీత పడకుండా తీగ జారిపోయింది.

కొత్త ఉపాయాలుంటే మంగళవారం మీటింగులో చెప్పమని మేనేజరు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. లేచి చెప్పొచ్చుగా? చెప్పలేదు. మా ఇళ్ళలో సంబంధం మాట్లాడినా, పొలం బేరమాడినా, చిన్నవాళ్ళ మాట పెద్దవాళ్ళ నోటి మీదుగానే బయటికి వెళ్తుంది. నేనూ అలాగే మామ చెవిన వేశాను.

"బాగుండాది అమ్మిణీ. నేను చెప్తా, నువ్వు గమ్మునుండు" అన్నాడు.

చెప్పాడు, తమిళంలో, నాకంటే చక్కగా. "మా అమ్మాయి చేసింది" అంటాడని చివరిదాకా ఎదురుచూశాను. అనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా! అది సంతోషమో కడుపుమంటో తెలియలేదు. ఇంటికెళ్ళి అమ్మతో అంటే, "పెద్దాయన చెప్తే మనం చెప్పినట్టే గదా, నీకేమి అంత రోషం?" అంది. రోషం కాదని చెప్పి కంచం ముందు కూర్చున్నాను.

మరుసటి వారం మూడు మోటార్లకు తొడుగులు పెట్టి చుట్టారు. మూడింటిలోనూ చివరి రెండు చుట్లకు గాడిలో చోటు చాలలేదు. ఆ చోటంతా తొడుగే తినేసింది. అయ్యో, నాలుగు చుట్లు చుట్టి ఎగిరి గంతేశానే తప్ప, గాడి నిండేదాకా చుట్టి చూసుకోనేలేదు! మేనేజరు మొహం మాడ్చుకుని, "ఎవరి ఐడియా ఇది?" అన్నాడు.

"నాదే సార్" అన్నాడు మామ, తల వంచుకుని.

చప్పట్లప్పుడు నోరు మెదపనిదాన్ని, అప్పుడెందుకు లేచానో దేవుడికే తెలియాలి. "కాదు సార్, నాది" అన్నాను. తిట్లన్నీ నాకే పడ్డాయి. మామ నావైపు చూడలేదు.

ఇంటిదారిలో సిగ్నల్ దగ్గర బండి ఆపి, "యాల చెప్తివి? ఆ తిట్లు నేను తినుంటాను గదా" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కోపమో, నొప్పో. ఇంతకీ ఈయన నా ఉపాయం తీసుకున్నాడా, నన్ను కాచుకున్నాడా? లేక రెండూనా?

ఆ తర్వాతి మంగళవారం నేనే లేచాను. చివరి రెండు చుట్లు మిగిలి ఉండగానే తొడుగు లాగేద్దామన్నాను. మాట తడబడింది. అందరికంటే ముందు అడ్డుప్రశ్న వేసింది మామే. "లాగేటప్పుడు ఆ తొడుగే తీగను గీకితే?"

ఒళ్ళు మండిపోయింది. సొంత మామ! కానీ ఆలోచిస్తే, ప్రశ్న సరైనదే.

"తెలీదు మామా. చేసి చూస్తేనే తెలుస్తాది" అన్నాను, మా ఇంటి తెలుగులోనే, అంతమంది ముందు.

మేనేజరు అలవాటు కొద్దీ మామ వైపు తిరిగి, "ఏమంటారు, ఇంకోసారి చూద్దామా?" అన్నాడు.

"నన్నడుగుతారేమి సార్?" అన్నాడు మామ. "ఆమెనడగండి."