ప్రార్థన కూడా మాటే

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు రాత కొత్త. చిన్నప్పుడు అమ్మతో చేపల గంప మోశాను. తర్వాత పాతికేళ్లు ఆసుపత్రిలో ఆయాగా చేశాను. అంకెలు గుర్తుపట్టేదాన్ని, అంతే. అక్షరాలు యాభై రెండో ఏట నేర్చుకున్నాను. నాలుగు వాక్యాలు వరుసగా రాయడం ఇప్పటికి వచ్చింది.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానాకాలంలో, విజయనగరంలో ఎస్తేరు టీచరుగారి ఇంట్లో నాకు డ్యూటీ పడింది. అక్షరాలు వచ్చాక చేరిన, ఇంటి దగ్గర రోగిని చూసుకునే అటెండెంటు పని. అటెండెంటు సూది వేయకూడదు, మందు మార్చకూడదు. చూసినది రాసిపెట్టాలి.

టీచరుగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. బీపీ ఎక్కువగా ఉందని ఆపరేషను అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఇంట్లో వారం రోజులు పొద్దున, సాయంత్రం కొలిచి రాసుకు రమ్మన్నారు డాక్టరు. పై అంకె నూట అరవై దాటుతూ ఉంటే ఇంకో మాత్ర కలిపి, ఆపరేషను మళ్లీ వాయిదా వేస్తామన్నారు. ఆమె బెంగ బైబిలు గురించే. కూతురు సుగుణ చదివి వినిపించేది గానీ, ఆ వేగం ఆమెకు అందేది కాదు.

"మా సుగుణ సదివితే కొత్తవలసలో ఆగని గూడ్సు బండేనే," అనేవారు.

కొలిచే పద్ధతి నాకు కంఠతా వచ్చు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఐదు నిమిషాలు ఊరుకున్నాక మిషను నొక్కాలి. మాట్లాడకూడదు. అన్నీ పాటించాను. మూడు రోజులూ 168, 172, 166, ఇలాగే వచ్చాయి.

నాలుగో రోజు జలుబు చేసి టీచరుగారి గొంతు పూర్తిగా పోయింది. ఆ పొద్దున 148. మిషను చెడిందనుకుని మళ్లీ కొలిచాను. 146. సాయంత్రానికి మిరియాల పాలతో గొంతు వచ్చింది, అంకె కూడా 167కి వచ్చింది. అప్పుడు ఆమె పెదవుల వంక చూశాను. చేతికి కట్టిన మిషను పట్టీలో గాలి ఎక్కుతున్నంతసేపూ పైకే ప్రార్థిస్తున్నారు. రోజూ అంతే. ఆసుపత్రిలోనూ అంతేనట. ప్రార్థనను నేను మాటల కింద లెక్కెయ్యలేదు.

"టీచరుగారూ, దేవుడికి సెప్పీవన్నీ పట్టీ కట్టకముందే సెప్పీయండి. గాలెక్కినప్పుడు మల్లా సెప్పక్కర్లేదు, ఒకసారికే ఇంతాడు," అన్నాను.

"ఒసే, నలబై ఏళ్లు పిల్లల్ని నోరు మూసుకోమన్నాను. ఇప్పుడు నన్నే మూసుకోమంతన్నావా?" అని నవ్వి, ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఒక్కసారి కూడా నూట యాభై దాటలేదు. సుగుణ మాత్రం కంగారుపడింది. "ఆ ముందు పేజీ సింపీ పిన్నీ, డాక్టరు సూస్తే మల్లా ఆపీస్తారు." నేను చింపలేదు. పెద్ద అంకెల పక్కన 'ప్రార్థన పైకి', చిన్నవాటి పక్కన 'మౌనం' అని రాశాను.

డాక్టరు ఆ పేజీ రెండుసార్లు చూశారు. ఆయనే స్వయంగా పట్టీ కట్టి, టీచరుగారిని మాట్లాడించి ఒకసారి, ఊరుకోబెట్టి ఒకసారి కొలిచారు. 165, 146. మాత్ర పెంచలేదు. ఆపరేషనుకు అక్కడికక్కడే సంతకం చేశారు. ఎవరు రాశారని అడిగితే నేనేనన్నాను. అక్కడి హెడ్ నర్సు ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకుంది. ఆయాగా ఉన్నప్పుడు ఇలాంటి గదుల గుమ్మం బయటే నిలబడేదాన్ని. ఆ రోజు కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

తర్వాత ఆపరేషను జరిగింది. నెల తిరగకుండా టీచరుగారు బైబిలు తానే చదువుకున్నారు, తన వేగంతో.

మిషను అంకెనే చూపిస్తుంది, ఆ క్షణంలో మనిషి ఏం చేస్తున్నదీ చూపించదు. అది కొలిచేవాళ్లే చూసి రాయాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

డాక్టరు సంతకం చేసిన మర్నాడు పొద్దున స్కేలు తీసుకుని, బీపీ రాసే పుస్తకంలో మిగిలిన పేజీలన్నిటిలో ఇంకో గడి గీశాను. పైన 'అప్పుడు ఏం చేస్తున్నారు' అని రాశాను. ఆ గడిలో మొదట రాసింది: 'ఊరికే కూర్చున్నారు.'