కరెంటు పట్టుకుపోయిన మాట

2004 జూలై 11, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు తెనాలిలో మా వీధికి కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోవడం తేదీ వేసి రాసుకోదగ్గ విశేషం కాదు. అయినా ఆ పూట రాసుకున్నాను. మొన్న తెనాలి స్టేషనులో రేపల్లె బండి కోసం బెంచీ మీద కూర్చుని ఉండగా, పక్కన కాలేజీ సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒక అమ్మాయి ఫోనులోంచి చిన్న ఈల వినిపించింది. ఆ తేదీ, ఆ గంట, మా పక్కింటి గదిలోని కొత్త దూది వాసన, అన్నీ కలిసి వచ్చి నా ఎదుట నిలబడ్డాయి. ఆ ఈల ఒక జపాను బొమ్మల సీరియల్లో ముగ్గురు ఆడపిల్లలు ఒకరినొకరు పిలుచుకునే గుర్తు. బడికి వెళ్ళే వయసులో, ఇంటికీ ఊరికీ తెలియకుండా, ఏదో రహస్య సంస్థకు పనిచేసే పిల్లలు వాళ్ళు. ఈ వయసులో బొమ్మల కథ చెబుతున్నానని నా ఈడువాళ్ళు నవ్వుకున్నా సరే, అంత ఆశ్చర్యంగా, నోట మాట రాకుండా నన్ను కూర్చోబెట్టిన దృశ్యాలు ఆ తర్వాత నాకు ఎక్కడా తటస్థపడలేదు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. రేపల్లెలో ఒక ప్రైవేటు కళాశాల కార్యాలయంలో గుమాస్తాగా చేరి, పొద్దుటి బండికి వెళ్ళి సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాన్ని. ఇంట్లో మా అమ్మ, నేను, ఆ ఏడు ఫిబ్రవరి నుంచి మా అక్క కూతురు. బాపట్లలో కాపురం ఉన్న మా అక్క జ్వరంతో ఆసుపత్రిలో చేరి మూడో నాడు కన్నుమూసింది. మా బావ మరబోట్ల ఇంజన్లు బాగుచేసే పనిమీద రేవు నుంచి రేవుకు తిరిగే మనిషి కనుక, పదకొండేళ్ళ పిల్లను మా దగ్గర దింపి, వచ్చినప్పుడల్లా చూసి వెళ్ళేవారు.

ఆ పిల్ల ఏడవలేదు. బాపట్లలో ఏడవలేదు, తెనాలి వచ్చాకా ఏడవలేదు. పెట్టినది తినేది, అడిగితే జవాబు చెప్పేది, బడికి వెళ్ళేది. మమ్మల్ని భయపెట్టింది ఏడవకపోవడం కాదు, ఒక మాట. ఆసుపత్రిలో చివరి సాయంత్రం తల్లి ఆమెతో "రేపు వస్తాను" అన్నదన్నది మా అందరికీ తెలిసిన సంగతి. రేపు వచ్చింది గాని తల్లి రాలేదు. అమ్మ అబద్ధం చెప్పిందని పిల్ల మనసులో గడ్డకట్టుకుపోయింది. మా అమ్మ అలవాటుకొద్దీ "రేపు పెసరట్లు పోస్తానే" అంటే చాలు, కంచం ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. క్రమంగా మా ఇంట్లో ఆ మాట మానేశాం. అమ్మ "తెల్లారితే" అనేది, నేను వారం పేరు చెప్పేదాన్ని. రేపల్లె పేరు మొదట్లోనే ఆ మాట ఉందని మాకు తట్టేసరికి పిల్లకు ఎప్పుడో తట్టింది. అందుచేత నేను పనిచేసే ఊరు మా ఇంట్లో "ఆ ఊరు" అయిపోయింది. రోజూ పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి, ఎప్పుడు వస్తావు పిన్నీ అని అడిగేది. సాయంత్రం వస్తానంటే ఊరుకునేది కాదు. గంటా నిమిషాలతో సహా చెప్పాలి, బండి ఆలస్యమైతే ఎన్నింటికో అదీ చెప్పాలి. తేదీలూ వేళలూ ఇంత పట్టుదలగా రాసుకుంటావేమిటని ఈ మధ్య ఆఫీసులో కుర్రవాళ్ళు అడుగుతుంటారు. ఈ అలవాటు నాకు ఏ గురువూ నేర్పలేదు, మా గుమ్మం నేర్పింది.

మా పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం వాళ్ళది. వీధివైపు గది కొట్టు, దాని వెనక గదిలో సగం దూది, సగం కాపురం. కొలకలూరు నుంచి పెళ్ళి పరుపులకని వచ్చేవాళ్ళు కూడా ఆ వెనక గదిలోకి తొంగిచూసి, ఇంతమంది పిల్లలేంటండి అని విస్తుపోయేవారు. ఎందుకంటే ఆదివారం పదింటికి మా వీధి పిల్లలంతా ఆ దూది గుట్టల మీదే ఉండేవారు. టీవీలు అందరి ఇళ్ళలోనూ ఉన్నాయి. కానీ ఆ బొమ్మల సీరియల్ హిందీలో వచ్చేది, హిందీ అర్థమయ్యే ఇల్లు మా వీధిలో అదొక్కటే. మామ్మగారు దిండు గలీబులు కుట్టుకుంటూ, కళ్ళజోడు మీదుగా తెర చూస్తూ, అందులోని పిల్లలు ఒక మాట అనగానే వాళ్ళ గొంతు చల్లారకముందే తెలుగులో చెప్పేవారు. పెద్ద పిల్ల మాట పెద్దగా, చిన్నదాని మాట చిన్నగా, దొంగల మాట ముక్కుతో పలికేవారు.

మొదటి వారం మాత్రం చిక్కు వచ్చింది. తెరమీద పిల్లలు తమను ఏజెంట్లమని చెప్పుకోగానే మామ్మగారు సూది ఆపేశారు.

"ఏంటీ, ఈ వయసులో ఏజెంట్లా? పాలసీలు కట్టించుకునే పిల్లలకి తుపాకులెందుకే?"

ఆవిడ మరిది ఇన్సూరెన్సు ఏజెంటు. మా వీధిలో ఏజెంటు అంటే ఆయనే, సంచీ పట్టుకుని వస్తే జనం తలుపులేసుకునేవారు. రహస్యం అని కూడా అన్నారని పిల్లలు గుర్తుచేస్తే, "మరి వచ్చేది తెలిస్తే ఎవరు తలుపు తీస్తారు?" అన్నారు. ఆ అపోహ తీరడానికి మరో వారం పట్టింది. తీరాక కూడా పిల్లలు ఆ ముగ్గురినీ పాలసీ పిల్లలనే పిలిచేవారు.

నేను మొదట మా అక్క కూతురికి తోడుగా వెళ్ళాను. తర్వాత నాకోసమే వెళ్ళాను. ఒక భాగంలో, ఆ ముగ్గురిలో ఒకతె తన సొంత ఊరికి పనిమీద వెళ్తుంది. సంస్థలో చేరేటప్పుడు ఇంటివాళ్ళ జ్ఞాపకంలోంచి ఆమెను తుడిచేసి ఉంటారు. వానలో తల్లి ఎదురుపడుతుంది, చేతిలో గొడుగు జారిపడుతుంది. పిల్ల వంగి అందిస్తుంది. తల్లి నవ్వి ఏదో అంది. మామ్మగారు "ఎవరి పిల్లవోగాని చల్లగా ఉండమ్మా అంటోంది" అని చెప్పి, మళ్ళీ సూదిలో దారం ఎక్కించలేకపోయారు. ఆ పిల్ల మొహం చూపించలేదు, కన్నీళ్ళు చూపించలేదు; గొడుగు పిడిని వదలడానికి ఒక క్షణం ఆలస్యం చేసిన వేళ్ళను మాత్రం చూపించారు. ఎక్కడో సముద్రానికి అవతల, మా పేర్లు కూడా తెలియనివాళ్ళు కాగితం మీద గీసిన నాలుగు వేళ్ళు, తెనాలిలో దూది గుట్ట మీద కూర్చున్న మమ్మల్ని అలా కట్టిపడేశాయి. మరో భాగంలో తిరిగిరాని స్నేహితురాలికి కూడా పళ్ళెం పెట్టి, వేడివేడిగా వడ్డించి, ఎవరూ ఆ పళ్ళెం వైపు చూడకుండా తింటారు. మా అక్క కూతురు మాత్రం ఆ పళ్ళెం మీది ఆవిరిని చూస్తూనే ఉంది.

ఇక జూలై 11. కథలో ముగ్గురూ సముద్రం మధ్య ఒక గోపురంలో చిక్కుకున్నారు. ఎవరో ఒకరు లోపలే ఉండి ఒక ఇనుప తలుపును మూసి పట్టుకుంటేనే తక్కినవాళ్ళు బయటపడగలరు. చిన్నది లోపల ఉండిపోయింది. పెద్దది బయటినుంచి తలుపు బాదుతోంది. "ఏదో ఒకటి మాట్లాడవే అంటోంది" అన్నారు మామ్మగారు. చిన్నది తలుపుకు నుదురు ఆనించింది. కళ్ళు మూసుకుంది. "కల్" అంది.

కరెంటు పోయింది.

పిల్లల గోల చెప్పనక్కర్లేదు. మా వీధి చివరింటి పిల్ల, "కల్ అంటే రేపండి, మా హిందీ పుస్తకంలో ఉంది" అంది. ఎదురింటి పిల్ల వెంటనే, "నీ మొహం, కల్ అంటే నిన్న. యూనిట్ టెస్టులో నాకు మార్కు కూడా వేశారు" అంది.

"ఇద్దరిదీ రైటే" అన్నారు మామ్మగారు. "మా భాషలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట. వెనకాల వచ్చే మాటని బట్టి తెలుస్తుంది. ఆ వెనకాల మాట కరెంటోళ్ళు పట్టుకుపోయారు."

చివరింటి పిల్ల ఒప్పుకోలేదు. "రేపు వస్తానందండి. తలుపు మూసేసుకుంది గదా, ఎలా వస్తది? ఉత్త అబద్ధం చెప్పింది."

"వస్తానన్నది నువ్వు విన్నావా?"

"లేదండి."

"మరి? ఒక్క మాటే విన్నాం. వస్తానన్నది నీ మాట. నీ మాట తీసుకెళ్ళి ఆ పిల్ల నోట్లో పెట్టి, మళ్ళీ దాన్నే అబద్ధాలకోరంటావేంటే?"

మామ్మగారు కోప్పడలేదు, మామూలుగానే అన్నారు. చివరింటి పిల్ల నాలుక కరుచుకుంది. మా అక్క కూతురు అప్పటిదాకా ఆ ఇంట్లో నోరు విప్పి ఎరగదు. చీకటి తెరను చూస్తూనే అంది:

"మా అమ్మ కూడా అంతేనండి."

మామ్మగారు గలీబు పక్కన పెట్టారు. "ఏమంది తల్లీ?"

"రేపు అంది. రేపు అని, నా జడ పట్టుకుంది. అప్పుడు నర్సు వచ్చి అందర్నీ బయటికి వెళ్ళమంది." పిల్ల తన జడ కొసను వేలికి చుట్టుకుంది. "వస్తానని అనలేదు."

మేమందరం నమ్మిన వాక్యంలో ఒక మాట మా అక్కది కాదని నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆ "వస్తాను" పిల్లే కలుపుకుందో, పిల్లను నిద్రపుచ్చబోయి మాలో ఎవరైనా కలిపారో ఇప్పుడు తేల్చలేం. రేపు జడ వేస్తాననబోయిందో, రేపు బడికి వెళ్ళమనబోయిందో, రేపటి నుంచి అమ్మమ్మ దగ్గర ఉండమనబోయిందో. అబద్ధం మాత్రం చెప్పలేదు. సగం చెప్పింది.

అప్పుడు ఏడ్చింది మా పిల్ల. అయిదు నెలల ఏడుపు. మామ్మగారు ఊరుకోమనలేదు. అప్పుడే కుట్టడం ముగిసిన దిండును ఆమె ఒళ్ళో పెట్టి, "దూదే గదా, తడిస్తే ఎండేసుకుందాం, కానియ్" అన్నారు. పిల్లలు ఒక్కొక్కరే లేచి, తలల్లోని దూది దులుపుకోకుండానే బయటికి నడిచారు. యూనిట్ టెస్టు పిల్ల వెళ్తూ వెళ్తూ మా పిల్ల చెప్పులు జత కలిపి గుమ్మం ముందు సర్ది వెళ్ళింది. కరెంటు వచ్చేసరికి తెరమీద సబ్బు ప్రకటన నడుస్తోంది. మరుసటి ఆదివారం ఆ వేళకు వేరే కార్యక్రమం మొదలైంది. మేము చూసినదే ఆఖరి భాగమని అప్పుడు తెలిసింది.

మర్నాడు సోమవారం. నేను చెప్పులు వేసుకుంటుంటే పిల్ల ఎప్పటిలా గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"రేపల్లేనా పిన్నీ?" అంది.

ఆ ఊరి పేరు ఆమె నోట వినడం అదే మొదలు. వేళ చెప్పబోయి నోరు తెరిచాను. ఆమె అడగలేదు. అందుకని, వీధిలో అందరూ అనే మాటే అన్నాను. "వెళ్ళొస్తాను."

"సరే" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇదంతా మొన్న ఆ బెంచీ మీద గుర్తుకొచ్చింది. నేను చూస్తున్నానని గమనించి ఆ కాలేజీ అమ్మాయి, "మీకూ తెలుసా ఆంటీ? పాతదండీ ఇది, ఇప్పుడు తెలుగులో వస్తోంది" అంటూ ఫోను ఇద్దరికీ మధ్యగా పట్టుకుంది. ఆఖరి భాగమేనా అని అడిగాను. ముందుకు జరిపి పెట్టింది. గోపురం, ఇనుప తలుపు, ఆనించిన నుదురు. బ్యాటరీ నిండుగా ఉంది. కరెంటు పోయే ప్రమాదం లేదు. ఇన్నేళ్ళ తర్వాత వెనకాల మాట వినబోతున్నానని ఫోనుకు దగ్గరగా జరిగాను.

చిన్నది కళ్ళు మూసుకుని, స్వచ్ఛమైన తెలుగులో, "వెళ్ళొస్తానక్కా" అంది.

నిన్నా కాదు, రేపూ కాదు. తెలుగు మాటలు రాసినవారెవరో గాని, ఆ తలుపు దగ్గర మా వీధివాళ్ళు ఏమంటారో అదే రాశారు. బండి ఎక్కి కూర్చున్నాక బాపట్లలో టీచరుగా ఉన్న మా అక్క కూతురికి ఫోను చేసి చెప్పాను. నవ్వింది.

"అది రాసినవాళ్ళ మాట పిన్నీ, ఆ పిల్ల మాట కాదు. మనం విన్న హిందీలో పెట్టుకుని వింటే తెలిసిపోద్దిగా."

"విననా మరి?"

"నువ్వు విను. నాకక్కర్లేదు. మామ్మగారు చెప్పిన కాడికి చాలు నాకు."

నేనూ వినలేదు. ఇప్పుడు ప్రతి మాటా దొరుకుతుంది, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, ఏ భాషలో కావాలంటే ఆ భాషలో, ఎవరి చెవిలో వారికి. ఒక మాట పోతే దాని చుట్టూ ఒక వీధి కూర్చోవడం మాత్రం నేను మళ్ళీ చూడలేదు.

లెక్క రాసుకోవడం నా పద్ధతి కనుక రాస్తున్నాను. పోయినవి: మా అక్క, మా అమ్మ, మామ్మగారు, పరుపుల కొట్టు, ఆదివారం పదిగంటలు, రెండు వాక్యాల్లో రెండు సగాలు. ఉన్నవి: మా అక్క కూతురు, ఎండబెట్టినా మచ్చ పోని ఒక దిండు, రేపు అనే మాట.