చిక్కుడు పాదు కింద కల్లు

వానాకాలంలో నాగిరెడ్డిపేటకు ఒక్కసారిగా తెల్లవారదు. పోచారం చెరువు నీళ్ల మీద సన్నటి మంచు లేచి, వరి మళ్లు దాటి, ఇళ్ల మధ్యకు వచ్చి కూర్చుంటుంది. ఎండ వచ్చి తరిమేదాకా కదలదు. ఆ మంచులో మరియ పెరట్లో తిరుగుతుంటే దూరం నుంచి చూసేవాళ్లకు కాళ్లు కనబడవు. నడుము నుంచి పైకి ఒక మనిషి మొక్కల మీద తేలుతూ పోతున్నట్టు ఉంటుంది.

ఆ వేళంటే మరియకు ప్రాణం. అప్పుడు ఆమె ఎవరి భార్యా కాదు, చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన నడిపే పెద్దమనిషీ కాదు. బెండ ఆకు తిప్పి చూస్తుంది. వంగ కొమ్మతో ఏదో మాట్లాడుతుంది. పేనుబంక కనబడితే పొయ్యి బూడిద జల్లెడపట్టి, ఆకు మీది తడి ఆరకముందే చల్లుతుంది. పురుగు పడితే వేపగింజలు దంచి నానబెట్టిన నీళ్లు కొడుతుంది. తెల్లదోమ కోసం పసుపుపచ్చ డబ్బా మూతలకు ఆముదం పూసి కర్రలకు గుచ్చుతుంది. చుట్టూ కంచె పొడుగునా బంతి. కొన్న పురుగుమందు మాత్రం ఆ పెరట్లోకి రావడానికి వీల్లేదు. ఎవరైనా "ఒక్కసారి కొడితే పోతది గదా" అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

ఆ కోపానికి కారణం ఆమె పెనిమిటి యోబు. వయసులో ఉన్నప్పుడు అతను ఊరూరా పొలాలకు మందు కొట్టే కూలికి పోయేవాడు. వీపున పంపు, మూతికి తువ్వాల. సాయంత్రానికి ఒళ్లంతా అదే వాసన. లోపలికి పోయిన విషం కడుక్కుపోవాలంటే కల్లు తాగాలని తోటి కూలీలు నేర్పారు. అట్లా మొదలైన కల్లు, పంపు దించేశాక కూడా యోబును వదల్లేదు. పొద్దుగూకితే చాలు, మైసన్న కల్లు అమ్మే మండువ నుంచి ఎవరో ఒకరు భుజం పట్టుకొని నడిపించుకొచ్చి అతన్ని వాకిట్లో దించిపోయేవారు.

ఒకనాడు మరియ మండువ ముందు నిలబడి మైసన్నను నోరారా తిట్టింది. "నీ గడప తొక్కను. నీ కల్లు చుక్క నా ఇంటికి రాదు" అని ఊరంతా వినేలా చెప్పి వచ్చింది. ఆ ఆదివారమే యోబు చర్చిలో అందరి ముందు మోకరించి, ఇక ముట్టనని మొక్కుకున్నాడు. నిజంగానే ముట్టలేదు. అది జరిగి ఏళ్లు గడిచాయి. మానిపించింది తనేనని మరియ నమ్మకం. కాదనే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు గనుక ఆ నమ్మకం ఏటేటా బలిసింది.

ఇంతలో నత్తలు వచ్చాయి.

ఎండాకాలం పెరట్లో పోయించిన కుంట మట్టితో వచ్చాయో, పొలాల నుంచి పాకి వచ్చాయో తెలియదు. తొలకరి పడ్డాక ఒక పొద్దున చూస్తే ఆకుల మీద, రాళ్ల మీద, బావి గట్టు మీద తళతళలాడే గీతలు. ఎవరో చీకట్లో తోటంతా తిరిగి వెండి దారం పరిచిపోయినట్టుంది. మరియ ముందు మురిసిపోయింది కూడా. ఆ తర్వాత చిక్కుడు పాదు దగ్గరికి పోయి చూస్తే, నిన్న రెండాకులేసిన మొలకలకు ఉత్త కాడలు మిగిలాయి.

అది మామూలు చిక్కుడు కాదు. పెళ్లయి వచ్చేటప్పుడు తల్లి ఆమె కొంగున కట్టిన విత్తనం. అంచుకు ఊదా రంగు తిరిగిన వెడల్పాటి కాయ. ప్రతి ఏడూ కోత పండుగకు చర్చిలో బల్ల మీద పెట్టే మొదటి గంప అదే. నిరుడు దాచిన విత్తనానికి చెమ్మ తగిలి చాలావరకు బూజు పట్టింది. బతికిన గుప్పెడు గింజలే ఈ ఏడు వేసింది. ఇవి పోతే ఆ చిక్కుడు ఇక ఎక్కడా లేదు.

మొలకల చుట్టూ బూడిద పోసింది. తుంపర వచ్చి దాన్ని ముద్ద చేసి పోయింది. తడి గోనెసంచులు పరిచి, వాటి కింద బొప్పాయి ఆకులు వేసింది. పొద్దున సంచి ఎత్తితే కింద దాక్కున్న నత్తలు గుత్తులుగా దొరికేవి. వాటిని ఏరి, పక్క తండాలో ఉండే బీమ్లాకు ఇచ్చేది, ఆమె బాతులకు మేతగా. ఎన్ని ఏరినా మర్నాటికి మళ్లీ అన్నే. చివరికి బాతుల్నే తెచ్చి తోటలో వదిలితే, అవి నత్తల్ని తిన్నమాట నిజమే గానీ, తిన్న సంతోషంలో పాదంతా తొక్కి నాలుగు మొలకల్ని పీకి పారేశాయి. మరియ వాటిని తిట్టిన తిట్లు బాతులకు అర్థమై ఉంటే మళ్లీ నీళ్లలోకి దిగేవి కావు.

యోబు మీద కూడా విసుక్కుంది. అతనికి సాయంత్రం కాగానే మొక్కలకు నీళ్లు పట్టే అలవాటు. ముసురు పట్టిన రోజున కూడా పడతాడు. "నేల ఆరితే గద నత్తలు పోయేది! వానల నీళ్లేందయ్యా?" అని ఎన్నిసార్లు అన్నా వినడు. చెవిటివాడిలా బిందె ముంచుకొని పోతూనే ఉంటాడు.

మధ్యాహ్నాలు కునుకు పడితే మరియకు కలలో తల్లి కనబడేది. పందిరి కింద నిలబడి, ఒట్టి తీగలను చేత్తో తడుముతూ ఉండేది. ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడమే మరియను ఏడిపించేది.

బాతుల్ని తీసుకుపోవడానికి వచ్చిన బీమ్లా ఆమె ముఖం చూసి జాలిపడింది.

"అక్కా, గింత బాధెందుకు? పులిసిన కల్లు కొబ్బరిచిప్పల్ల పోసి మట్టిల పాతిపెట్టు. వాసనకు అవే వచ్చి పడి సస్తయ్. మా తండాల గట్లనే చేస్తం."

"కల్లా? నా ఇంట్లనా? ఏం మాట్లాడుతున్నవే బీమ్లా?"

"నువ్వు తాగుతవా ఏంది? తాగేది నత్తలే గదా!" అని బీమ్లా కిసుక్కున నవ్వింది. ఆ పూటే కూతురి దగ్గరికని కామారెడ్డి బస్సెక్కింది. లేకపోతే మరియ ఆమెతోనే తెప్పించుకునేది.

మిగిలిన మొలకలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మరియ వాటి దగ్గర గొంతుకూర్చొని ఉంటే యోబు వెనక నుంచి వచ్చాడు. బీమ్లా మాట అతనూ విన్నాడు.

"క్యాను ఇయ్యి. నేను తెస్త."

"నువ్వా?"

"నేనే. మైసన్న మండువ తోవ నాకు తెల్వదా?" అన్నాడు నవ్వుతూ. మరియ నవ్వలేదు.

"వద్దు. చిక్కుడు పోతె పోనియ్యి."

"మీ అవ్వ ఇచ్చిన ఇత్తులు. పోతె మల్ల యాడ తెస్తవ్?"

మరియ తన నమ్మకాన్ని తలచుకుంది. ఏళ్లయింది గదా, ఇంకా భయమేమిటి అనుకుంది. అయినా పాలక్యాను అందిస్తుంటే ఆమె వేళ్లు ఒక పట్టాన వదల్లేదు. యోబే మెల్లగా లాక్కున్నాడు.

అతను పోయాక సాయంత్రం సాగి సాగి పొడుగైంది. మబ్బుల కింద వెలుతురు పచ్చగా మారి, తర్వాత బూడిద రంగుకు దిగింది. కప్పలు మొదలుపెట్టాయి. ఎల్లారెడ్డి నుంచి వచ్చే బస్సు వచ్చి పోయింది. మరియ కొబ్బరిచిప్పలు పాతుతూ, నేలకు సమానంగా మట్టి సర్దుతూ, మధ్యమధ్య తోవకేసి చూస్తూ ఉంది. మండువ అంత దూరమేమీ కాదు. పోయి రావడానికి ఇంతసేపు పట్టదు. చిక్కుడు కోసం మనిషిని పోగొట్టుకున్నానా అని ఆమెకు ఒక్కసారిగా అనిపించింది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. అందరికీ మాటలు అందించే మనిషికి తన వంతు వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

కంచె దాటి తోవ మీదికి పోయింది. మసక వెలుతుర్లో ఇద్దరు మనుషులు ఆనుకొని నడిచి వస్తున్నారు. ఒకరి పక్కన ఒకరు, భుజం భుజం తగులుతూ. పూర్వం ప్రతి సాయంత్రం అట్లాగే వచ్చేవారు. మరియ బంతి మొక్కల పక్కన తడి నేల మీదే కూలబడింది.

ఇద్దరూ దగ్గరికి వచ్చారు. ఒకడు యోబు. రెండో మనిషి మైసన్న. యోబు చక్కగా నిలబడి ఉన్నాడు. క్యాను మైసన్న చేతిలో ఉంది.

"మరియక్కా, తిట్టకు. ఇయ్యాల తప్పు నాది కాదు" అన్నాడు మైసన్న ముందుగానే. "లోపలికి రమ్మంటె రాడు. తోవ పక్క తుమ్మచెట్టు కింద నిలవడ్డడు. క్యాను నింపి ఇస్తె పట్టుకోడు. నువ్వే తెచ్చి ఇయ్యమంటడు. నాకేమో ఇంకో చెట్టు గీసుడుండె. ఎక్కి దిగేదాక గక్కడ్నే నిలవడ్డడు."

మరియ యోబు ముఖంలోకి చూసింది. అతను నేలచూపులు చూశాడు.

"నా చేతిల ఉంటె ఇంటిదాక వస్తదో రాదో తెల్వకపాయె" అన్నాడు మెల్లగా.

"ఇన్నేండ్లాయె గదయ్యా. ఇంకా గట్లనే ఉంటదా?"

"మొక్కింది ఒక్కనాడే. మానుడు రోజూ మానుతున్న, మరియా. పొద్దుగూకంగనే గొంతు గుంజుతది. గందుకే నీళ్లు పడ్త. వానల కూడా పడ్త. చెట్లకోసం కాదు, కాళ్లు మండువ దిక్కు పోవద్దని."

మరియకు నేల ఎందుకు ఆరలేదో, నత్తలు ఏ తడికి వచ్చాయో ఇప్పుడు తెలిసింది. అంతకన్న పెద్ద సంగతి ఇంకొకటి తెలిసింది. మానిపించింది తను కాదు. తను ప్రార్థనలు నడిపి, పొగడ్తలు విని, హాయిగా నిద్రపోయిన ఇన్నేళ్లూ ఈ మనిషి ప్రతి సాయంత్రం ఒంటరిగా బిందె మోస్తూ గెలుస్తూ వచ్చాడు. ఒక్కనాడూ ఎట్లా ఉందయ్యా అని తను అడగలేదు.

లేచి మైసన్న చేతిలోంచి క్యాను అందుకుంది. "నువ్వు ఇంట్లకు పో. చాయ్ పెట్టు, ముగ్గురికి" అని యోబును వాసనకు దూరంగా పంపింది. చిప్పల్లో కల్లు తనే పోసింది.

పొద్దున చిప్పల నిండా నత్తలు పడి ఉన్నాయి. మొలకలు నిలిచాయి. కల్లు మాత్రం రెండు రోజులకోసారి మార్చాలి. సాయంత్రాల నీళ్లు మాన్పించి, ఆ వేళ యోబును తన పక్కన అరుగు మీద కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ వేపగింజలు ఒలిచేవారు. అతను మాట్లాడితే వినేది, మాట్లాడకపోతే ఊరికే కూర్చునేది.

కల్లుకు ఆమే పోయింది. చీకటి మాటున కాదు, పట్టపగలు, చర్చి ముందు నుంచే, క్యాను కొంగు కింద దాచకుండా. మండువ గడప తొక్కి లోపలికి పోయి నింపించుకుంది. తిరిగి వస్తుంటే ప్రార్థనకు వచ్చే రూత్ ఎదురై ముక్కు మూసుకుంది.

"గదేంది మరియక్కా, కల్లా? ఎవలికి?"

"నత్తలకు" అంది మరియ.

రూత్ ఆమె చేతిలోని క్యానును, దూరంగా అరుగు మీద ఉన్న యోబును మార్చి మార్చి చూసింది. సాయంత్రానికల్లా ఊళ్లో మాట పాకింది. కల్లు మరియే తాగుతోందని కొందరు, పైకే పెద్ద భక్తురాలని కొందరు అన్నారు. యోబు పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మరియకు కావలసింది కూడా అదే. రెండు రోజులకు మళ్లీ క్యాను కడుక్కొని, అదే తోవన బయల్దేరింది.