ఒళ్ళో ఆడిన నాట్యం

ఎనభైల మొదట్లో ఒక శుక్రవారం, గల్ఫ్‌లో ఖైతాన్ వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ వేళ్ళు రెండు, ఒళ్ళో పరిచిన స్కార్ఫు మీద అడుగులు వేస్తున్నాయి. నేను చూడడం గమనించి నవ్వింది.

"మాది రాజమండ్రండి. బ్యాలే ట్రూపులో ఊరూరా తిరిగి ఆడేదాన్ని. వ్యాన్లో పోతూ ఇలాగే వేళ్ళతో ప్రాక్టీసు చేసేవాళ్ళం. ఇక్కడ పనిచేసే ఇంట్లో కాలు కదిపే చోటేదండీ? రెండింటికల్లా వెళ్ళకపోతే మామా, అదేనండి, ఆ ఇంటి యజమానురాలు, వచ్చే శుక్రవారం బయటికి పంపదు."

బస్సాగింది. "ఇదే నా స్టాపండి" అంది. లేవలేదు.

"దిగరా?" అన్నాను.

"మంగళం అవలేదండి. మొదలెట్టాక మధ్యలో ఆపితే మా మాస్టారు ఊరుకునేవారు కాదు."

వేళ్ళు ఆగేసరికి తర్వాతి స్టాపు దగ్గరికొచ్చాం. దిగి, ఎండలో నిలబడి, బస్సు కిటికీలన్నిటికీ కలిపి వంగి నమస్కారం పెట్టింది. నేను చప్పట్లు కొట్టేలోపే స్కార్ఫు తలకు చుట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పరుగందుకుంది.

తర్వాతి శుక్రవారం అదే బస్సెక్కి, పక్క సీట్లో ఆవిడ కోసం నా సంచి పెట్టుకుని కూర్చున్నాను. ఖైతాన్ దాకా ఆ సంచి తీయాల్సిన పని పడలేదు.