కుడి భుజానికి కుట్టిన కోటు

మా అక్క పనిచేసే బీమా ఆఫీసుకు కొత్తగా వచ్చిన మేనేజరుకు అక్కడివాళ్లు ఇస్త్రీ సారు అని పేరు పెట్టారు. ఆయన చొక్కాకు ఎప్పుడూ మడత పడదు. ఆ మాటకొస్తే మెదడుకూ పడలేదని నా అభిప్రాయం. వచ్చిన మూడో వారానికే ఆయన గోడకు ఒక కాగితం అంటించాడు. కౌంటర్లలో కూర్చునేవాళ్లంతా వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ముదురు నీలం కోటు, అదే రంగు ప్యాంటు వేసుకోవాలి. ఆ హాల్లో రెండు ఫ్యాన్లుంటే ఒకటి తిరగదు. దాని గురించి సారు ఏ కాగితమూ అంటించలేదు.

అక్క ఆ ఆఫీసులో పందొమ్మిదేళ్లుగా మూడో కౌంటరు. మనిషి పోయాక ఇంటివాళ్లు పెట్టుకునే క్లెయిములన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఏడుస్తూ వచ్చినవాళ్ల చేత ఏ గడి నింపించాలో, ఎప్పుడు మాట్లాడకుండా ఊరుకోవాలో ఆమెకు తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు. ఆరేళ్లప్పుడు మెట్ల మీంచి పడితే భుజం దగ్గర ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి ఆమె కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. వదులు చొక్కాల్లో అది తెలిసేది కాదు. కోటు అలా కాదు, ఉన్నదున్నట్టు చాటింపు వేస్తుంది.

ఇద్దరం మూడు దుకాణాలు తిరిగాం. ఏ కోటు తొడిగినా కుడి పక్క ముడతలు పడి కాలరు మెడకు దూరంగా లేచి నిలబడేది. మూడో దుకాణంలో అమ్మేవాడు అద్దంలో అక్కను పైనుంచి కిందికి చూసి, బట్టలో లోపమేమీ లేదండీ మేడమ్ అన్నాడు. వాడి మర్యాద మండిపోను.

అక్క వెళ్లి సారుతో చెప్పుకుంది. ఆయన ఫోను మీంచి తలెత్తకుండానే, ఇబ్బందైతే రికార్డు రూములో వేస్తానని, అక్కడైతే ఎవరూ చూడరని సెలవిచ్చాడు. పక్క కౌంటరావిడ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సాయంత్రం అదే నోటితో, నీ మంచికే అన్నాడులే అని ఓదార్చింది.

ఆ ఆదివారం అక్క దారాల కొట్టు నుంచి కోటు ప్యాటర్ను, అంటే బట్ట మీద పెట్టి కత్తిరించుకునే కాగితం నమూనా ఉన్న కవరు కొనుక్కొచ్చింది. కవరు మీద బొమ్మలో ఒక ఆడమనిషి, కొంగ మెడ, పొట్ట అన్నది లేదు. జన్మలో కుర్చీలో కూర్చోనట్టు నిలబడి ఉంది. పక్కన పెద్ద అక్షరాలతో ‘సులభం’ అని అచ్చేశారు. ఆ మాట రాసినవాడు గుండీ కూడా కుట్టి ఉండడు. లోపల మంచమంత పల్చటి కాగితం, దాని నిండా ఒకదానిమీద ఒకటి ఎక్కిన గీతలు. అక్కకు కుట్టడమంటే అప్పటిదాకా దిండు గలీబులే. కోటంటే కాగితం పడవ అనుకున్నావా అన్నాను. ఆమె పాత దుప్పటి నేల మీద పరిచింది.

దుప్పటితో కుట్టిన మొదటి కోటు దుకాణం కోటులాగే ముడతలు పడింది. రెండోదీ అంతే. అప్పుడు నేను నా తెలివంతా ఉపయోగించి, కోటు కుడి భుజం లోపల దూది మెత్త పెట్టమన్నాను. పెట్టింది. అద్దంలో రెండు భుజాలూ సమంగా కనిపించాయి. నాకు సంతోషం పట్టలేదు. అక్క మాత్రం మెత్తను వేళ్లతో నొక్కి చూసింది.

“ఇది నా భుజంలా లేదే,” అంది.

“అందుకేగా పెట్టింది.”

“రోజంతా దీన్ని మోస్తూ కూర్చోవాలి. ఎవరి కోసం?”

నేనూ ఆ దుకాణంవాడూ ఒకే బాపతని అప్పుడు తెలిసింది.

ఆమె మెత్త పీకి పారేసి, ప్యాటర్ను కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. అందులో వీపు సగమే ఉంది. బట్టను రెండుగా మడిచి ఆ సగాన్ని పెట్టి కత్తిరిస్తే, రెండో సగం దానంతటదే అలాగే వస్తుంది. మనిషి రెండు పక్కలా ఒకేలా ఉంటాడని ఆ కాగితం నమ్మకం. అక్క ఆ సగాన్ని పాత పేపరు మీద గీసుకుని కుడి పక్కకు వేరే ముక్క చేసింది. మెడ దగ్గర కదపకుండా భుజం చివర రెండు వేళ్లు దించింది. చంక కోతనూ అంతే దించింది, ముందు ముక్కకూ అలాగే చేసింది. అది కుదిరాకే నీలం బట్టకు కత్తెర పెట్టింది, అప్పటికి ఇంకో మూడు దుప్పట్లు తెగాయి. బావ ఒట్టి పరుపు మీద పడుకున్నాడు కానీ నోరెత్తలేదు. ఆయనలో నాకు నచ్చిన గుణం అదొక్కటే.

ఒకటో తేదీన నా పాలసీ పనుందని వంక పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. అందరూ కొన్న కోట్లలో బిగుసుకుని కూర్చున్నారు. పక్క కౌంటరావిడ చేతులు కోటు చేతుల్లో మునిగిపోయి వేళ్లు మాత్రం బయటికొచ్చాయి. అక్క కోటు ఒంటికి అతికినట్టుంది, స్టాంపు వేస్తుంటే ఎక్కడా పట్టలేదు. సారు వరసగా చూసుకుంటూ వచ్చి మూడో కౌంటరు ముందు ఆగాడు.

“ఏంటిది, కోటు ఒక పక్కకి వాలింది?”

అక్క స్టాంపు కింద పెట్టింది. “కోటు వాలలేదు సార్. వాలింది నా భుజం. కోటు సరిగ్గానే ఉంది.”

వరసలో ముందున్న ముసలాయన చేతిలో భార్య మరణ ధ్రువీకరణ పత్రం ఉంది. ఆవిణ్ణి పని చేసుకోనివ్వండి అన్నాడు మెల్లగా. సారు గోడ మీది తన కాగితం వైపు చూశాడు. రంగు, కాలరు, గుండీలు, ఆయన రాసినవన్నీ ఉన్నాయి. భుజాల ఎత్తు గురించి రాయడం మరిచిపోయాడు పాపం.

అలాంటివాళ్లు ఊరుకోరు. రెండు వారాల తర్వాత పని సర్దుబాటు అన్న పేరుతో అక్కను రికార్డు రూములో వేశాడు. మూడో కౌంటరులో కూర్చోబెట్టిన కుర్రది మొదటిరోజే ఒక విధవరాలిని, చనిపోయినాయన స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని వెనక్కి పంపింది. తొమ్మిదో రోజుకు ఫిర్యాదులు పై ఆఫీసుకు చేరాయి. పదో రోజు సారు అక్కను మళ్లీ కౌంటరుకు పిలిచాడు, ఆ ఆలోచన తనదే అన్నంత ధీమాగా. ఏడాది తిరక్కుండా ఆయనకు బదిలీ అయింది. మిగతావాళ్ల కోట్లు కుర్చీ వీపులకెక్కాయి. అక్క తనది వేసుకుంటూనే ఉంది, అది ఒంటికి సుఖంగా ఉంది గనక.

ఒక ఆదివారం పక్క కౌంటరావిడ పెళ్లికో దేనికో వేసుకోవాలని తన కోటు పట్టుకుని వచ్చింది, చేతులు కుదించి పెట్టమని. అక్క కుర్చీ వేసి, కుట్లు విప్పే కొక్కెం చేతికిచ్చి, ముందు నువ్వు విప్పు, తర్వాతేం చేయాలో చెప్తాను అంది. ఆవిడ నాలుగు కుట్లు విప్పి గడియారం చూసుకుంది. మళ్లీ వస్తానని కోటు మడిచి చంకన పెట్టుకుని వెళ్లింది. రాలేదు.

ఆవిడ అటు వెళ్లగానే అక్క టేపు తీసి నన్ను నిలబడమంది. నేను నిటారుగా బిగుసుకున్నాను.

“ఎవరో చూస్తున్నట్టు కాదే, మామూలుగా నిలబడు,” అంది.

నిలబడ్డాను. కొలిచింది. నా ఎడమ తుంటి ఒక వేలు ఎత్తుగా ఉందట. నలభై రెండేళ్లుగా ఇంకొకరి భుజాన్ని చూడ్డంలో పడి నేనది గమనించలేదు.