రైలును ఆపిన మామ

సకల జనుల సమ్మె రోజుల్లో మా చెల్లెలి పిల్లలిద్దరూ మహబూబాబాద్‌లో మా ఇంట్లో ఉండేవారు. చెల్లె జనగామలో ఒక దవాఖానలో ఆయా. బడులు మూతపడటంతో పిల్లలను మా దగ్గర వదిలింది. రైళ్లు నడిచిన ఆదివారం పొద్దున వచ్చి, సాయంత్రం ప్యాసింజర్‌కు వెళ్లిపోయేది. అది వెళ్లిన ప్రతిసారీ ఆరేళ్ల పిల్ల ఏడ్చేది కాదు, అన్నం మానేసేది. నాలుగేళ్ల వాడు అక్కను చూసి మానేసేవాడు.

రైల్‌రోకో నాడు వాళ్లను ఇంట్లో పట్టలేక పట్టాల మీదికి తీసుకుపోయాను. అంత పెద్ద ఆటస్థలం మా ఊళ్లో అంతకు ముందు లేదు, తర్వాతా రాలేదు. పట్టాల మీద షామియానా. దాని కింద జంపఖానాలు పరుచుకుని జనం. ఒక పక్క ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు, మరో పక్క మూడు రాళ్ల పొయ్యి మీద కిచిడీ ఉడుకుతోంది. ఊళ్లో పిల్లలంతా చేతులు చాపి పట్టా మీద నడుస్తున్నారు. మావాడు కంకర రాళ్లతో చొక్కా నింపుకున్నాడు. కాస్త దూరంలో గూడ్సు బండి ఆగి ఉంది. దాని డ్రైవరు మెట్టు మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు.

"మామా, గా రైలు ఎందుకాగింది?" అంది పిల్ల.

"నేనే ఆపిన."

"ఎట్ల?"

"పట్టా మీద సక్లముక్లం వెట్టుకొని కూసున్న. చెయ్యి లేపి ఆగుమన్న. ఆగక యాడికి పోతది?"

స్టేషన్లో చాయ్ అమ్మే భాయ్ పక్కనే ఉన్నాడు. "నీ మామ మాట నమ్మకు బేటీ. రేపు చంద్రున్ని గోనెసంచిల తెస్త అంటడు," అన్నాడు.

"తెచ్చిన భాయ్. మా అవ్వకు నచ్చలేదు, వాపస్ ఇచ్చొచ్చిన."

భాయ్ నవ్వాడు. పిల్ల నవ్వలేదు. కాళేశ్వరం దగ్గర గోదావరిలో మొసలి మీద సవారీ చేశానని చెప్పినప్పుడు నన్ను ఎగాదిగా చూసిన పిల్లే ఇది. కానీ ఈసారి నా అబద్ధానికి కళ్ల ముందే సాక్ష్యం ఉంది. జనం కూర్చున్నారు, రైలు ఆగింది. అది గూడ్సు బండినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

తర్వాతి ఆదివారానికి రైళ్లు మళ్లీ నడిచాయి. సాయంత్రం చెల్లెను ఎక్కించడానికి అందరం స్టేషన్‌కు పోయాం. ప్యాసింజర్ వచ్చి ఆగింది. చెల్లె కిటికీ దగ్గర సీటు దొరికించుకుంది. "అన్నా, వీనికి జలుబున్నది, జర చూడు," అంటోంది. పిల్లవాడు నా చంకలో ఉన్నాడు. పిల్ల నా వేలు ఎప్పుడు వదిలిందో తెలియలేదు.

ఇంజన్ కూత వేసింది. అటు చూశాను. ప్లాట్‌ఫారం వాలు దిగిన చోట, ఇంజన్‌కు ఎదురుగా పట్టా మీద మా పిల్ల బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి పైకెత్తి ఉంది.

నేను పరిగెత్తానని రాస్తే బాగుంటుంది. అందరికీ అట్లాగే చెప్పాను కూడా. కాళ్లు కదల్లేదు. భయం కూడా కలగలేదు. ఎవరి పిల్లనో చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాను. చాయ్ భాయ్ చేతిలోని కెటిల్ పారేసి ఉరికాడు, పిల్లను రెక్క పట్టి పక్కకు లాగాడు. బండి కదిలింది. చెల్లె కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

బండి వెళ్లిపోయాక, ఒలికిన చాయ్ పట్టాల కింది స్లీపర్ల మధ్య ఇంకా ఆవిరి కక్కుతోంది. భాయ్ పిల్లను తెచ్చి నా ముందు నిలబెట్టాడు. కెటిల్ తెచ్చుకోవడానికి పోయాడు.

"నేను గట్లనే కూసున్న గద మామా. ఎందుకాగలే?"

నోటికి ఒక కథ వచ్చింది, మింగాను. "నేను ఆపలేదు బిడ్డా. అబద్ధం చెప్పిన. ఊరంత కూసున్నది, అందుకే ఆగింది."

అది ఖాళీ పట్టాల వైపు తిరిగి చూసింది.

"అయితే అమ్మ పోకుంట ఊరంత కూసోదా?"

ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. తమ్ముడూ తినలేదు. నా ముందున్న కంచం నేనూ ముట్టుకోలేదు. చెల్లెకు అసలు సంగతి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే, నేనే పరిగెత్తి పిల్లను ఎత్తుకున్నానని చెప్పినదంతా ఉత్తదేనని తెలుస్తుంది.