బోర్లించిన పళ్ళెం

ఆపా పోయిందన్న కబురు నాకు నడిసముద్రంలో అందింది. ఓడ ఎక్కిన నాలుగో రోజు పొద్దున మా మేడమ్ వాళ్ళ పాపకు పాలు కలుపుతుంటే ఆవిడ తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. అవతల మా రూమ్‌లో ఉండే రాజోలు పిల్ల. "అక్కా, ఆపా లేదక్కా. తెల్లారి నమాజుకి లేవలేదేంటని తట్టి చూస్తే పలకలేదక్కా" అంది. నేను "ఆఁ" అన్నాను. పాలు ఇంకా ఇవ్వలేదని పాప నా చున్నీ లాగుతోంది.

మీకు ఆపా తెలియదు. దుబాయ్‌లోని కరామాలో ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తులో, ఒకే గదిలో ఆరుగురు ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. పొద్దున ఎవరి ఇళ్ళకు వాళ్ళం పనికి పోయి, సాయంత్రానికి మా మంచాలకు చేరేవాళ్ళం. ఆపా అంటే ఉర్దూలో అక్క. మాలో పెద్దది, కడప మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా ఇళ్ళలో పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక మాకు వంట చేసిపెడుతూ అక్కడే ఉండిపోయింది. జగిత్యాల నుంచి ఏమీ తెలియకుండా వచ్చిన నాకు, చపాతీ గుండ్రంగా ఒత్తడం దగ్గర్నుంచి మేడమ్‌ల ముందు కన్నీళ్ళు ఆపుకోవడం దాకా నేర్పింది ఆమే.

ఆపాకి ఒక పద్ధతి ఉండేది. పొద్దు మునిగే వేళకు నేల మీద పేపర్ పరిచి ఆరు స్టీలు పళ్ళేలు బోర్లించేది. మనిషి లోపలికి రాగానే ఆ మనిషి పళ్ళెం వెల్లకిలా తిప్పేది. రాలేనివాళ్ళు ఎక్కడున్నదీ ఫోన్ చేసి చెప్పాలి, అప్పుడు తిప్పేది. వచ్చినవాళ్ళను తినమనేది గానీ, ఆరూ తిరిగేదాకా తను ముద్ద ముట్టేది కాదు. కరోనాలో వారాల తరబడి గడప దాటకుండా ఆ గదిలోనే పడి ఉన్నప్పుడు కూడా బోర్లించేది! "ఏడికి పోయినం ఆపా, అందరం నీ కండ్ల ముందలనే ఉన్నం గద" అని నేను నవ్వితే, "ఉండావని నోటితో చెప్పు మే, తిప్పుతా" అనేది. మేం బడిపిల్లల్లా హాజరు పలికేవాళ్ళం.

ఒకసారి విసుగొచ్చి, ఎందుకింత చాదస్తం అని అడిగాను. బియ్యం ఏరుతూనే చెప్పింది. "ముందు రూములో ఒక పిల్ల ఉండె. పనికాడ మెట్ల మింద నుంచి పడి రెండు దినాలు ఆస్పత్రిలో ఉండాది. రాలేదే అని ఎవురూ అనుకోలే. నేను గూడా అనుకోలే మే. కడుపునిండా తిని పండుకుంటి." ఆ తర్వాత నేను ఎన్నడూ ఆమెను ఆ విషయం మీద ఆటపట్టించలేదు.

పోయిన ఎండాకాలం మా మేడమ్ వాళ్ళు యూరప్ ఉత్తరపు తీరం వెంట ఓడలో తిరగడానికి వెళ్తూ, మూడేళ్ళ పాపను చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్ళారు. రూమ్‌లో పెళ్ళివారి సందడే అనుకోండి. ఆపా తన ఉన్ని శాలువా నా సంచిలో కుక్కి, "రోజూ ఫోన్ చెయ్యల్ల" అంది. "పొద్దు మునగంగనే చేస్త ఆపా" అన్నాను. ఆ మాట నాదే, ఎవరూ నా నోట్లో పెట్టలేదు. మా ఊళ్ళో గానీ కరామాలో గానీ పొద్దు మునగని రోజును నేనెన్నడూ చూడలేదు మరి.

ఓడలో ఇంటర్నెట్ మేడమ్ ఫోన్‌కి మాత్రమే ఉంది. పాప నిద్రపోయాక ఇస్తానంది. మొదటిరోజు, జర్మనీ రేవు దాటాక, పొద్దు గూకేసరికి పది కావచ్చింది. అప్పుడు దుబాయ్‌లో పన్నెండు. ఆపా మొదటి రింగుకే ఎత్తింది. "ఇప్పుడా మే పొద్దు మునిగేది? ఆడ సూర్యునికి ఓవర్‌టైమ్ ఇస్తారా?" పకపకా నవ్వాను. తిన్నవా అని అడిగితే, "నీ పళ్ళెం బోర్లా ఉంటే నాకు ముద్ద యాడ దిగుతాది" అంది. షుగర్ మాత్ర వేసుకుని అంతసేపూ ఖాళీ కడుపుతో కూర్చుందన్నమాట! రెండో రోజు ఇంకో గంట ఆలస్యం. "నీ కాల్మొక్త ఆపా, నా కోసం ఆగకు" అన్నాను. "నీ కత నాకొద్దు. నువ్వు చెయ్, నేను తింటా. ఖలాస్" అని పెట్టేసింది.

మూడో రోజు పొద్దు మునగలేదు.

నీళ్ళ దాకా దిగి అక్కడే ఆగిపోయింది. అలాంటి చోట్లు ఉంటాయని నాకెవరు చెప్పారు? కిటికీకి తెర వేస్తే పాప లాగేసింది. సూర్యుడు పడుకోలేదు, నేనూ పడుకోనని హిందీలో ఒకటే పేచీ. మేడమ్, సార్ పాటల కచేరీకి వెళ్ళారు, ఫోన్ వాళ్ళ దగ్గరే ఉంది. వెళ్ళి అడిగితే ఇచ్చేదేమో, ఆవిడ చెడ్డది కాదు. నేనే అడగలేదు. ఇంకాసేపట్లో మునుగుతుందిలే అనుకుంటూ పాపను భుజానేసుకుని డెక్ మీద అటూ ఇటూ తిరిగాను. ఆపా పళ్ళేల ముందు కూర్చుని ఉంటుందని తెలుసు, మాత్ర వేసుకుని ఉంటుందనీ తెలుసు. తెలిసి ఏం చేశాను? సూర్యుణ్ణి బతిమాలుకుంటూ నిలబడ్డాను. ఎప్పటికో పాప కునుకు తీసేసరికి మేడమ్ వాళ్ళ గది తలుపు మూసి ఉంది.

కబురొచ్చాక ఇంకా ఎనిమిది రోజుల ప్రయాణం మిగిలింది. నా ఒక్కదాని కోసం ఓడ వెనక్కి తిరగదు కదా. ఆపాను మర్నాడే ఖననం చేశారు. ఖబరస్తాన్‌కు వెళ్ళింది మగవాళ్ళే, కాబట్టి మట్టి వేసే భాగ్యం మా రూమ్ వాళ్ళకూ దక్కలేదు. కింద కిరాణా కొట్టువాళ్ళు మోశారట. ఇక్కడ నేను కొండల ముందు పాపను ఎత్తుకుని ఫోటోలకు నవ్వాను. కన్నీళ్ళు ఆపుకోవడం ఆపా బాగానే నేర్పింది.

అడగాల్సిన మాట ఒక్కటే ఉంది. ఫోన్‌లో అడిగే ధైర్యం చాలలేదు. రూమ్‌లో అడుగు పెట్టగానే రాజోలు పిల్ల చెయ్యి పట్టుకుని అడిగాను. "ఆ రోజు ఆపా తిన్నదా?"

ఆ పిల్ల తల దించుకుంది. "తిట్టకక్కా. అబద్ధమాడాను. ఒంటిగంట దాటిపోయింది, ఆవిడ చేతులు వణికిపోతన్నాయి. 'ఆపా, నువ్వు బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడు అక్క చేసింది, బాగుందంట' అన్నాను."

"నమ్మిందా?"

"'ఆడ పొద్దు మునిగిందంటనా?' అనడిగిందక్కా. మునిగిందంట అన్నాను. అప్పుడు నీ పళ్ళెం తిప్పి, రెండు చపాతీలు తిని పడుకుంది."

ఆ పిల్లను కావలించుకుని ఏడ్చాను. దానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మిగిలిన పళ్ళేలు కడిగి స్టాండులో పెట్టారు. నాదొక్కటీ ఎవరికీ తీయబుద్ధి కాలేదట. ఆపా మంచం పక్కన, పేపర్ ముక్క మీద, ఆమె తిప్పిపెట్టినట్టే వెల్లకిలా ఉంది. ఆమె దాన్ని తిప్పిన వేళకు నేను ఎండలో నిలబడి, ఆమెకు ఫోన్ చేయడానికి చీకటి పడాలని చూస్తున్నాను.